రెయిలింగ్ లేని డెక్ మీద గాలి లెక్క

మీరు చేసిన పని నాకు అర్థమైనంతవరకు ఇది. కేబుల్ స్టేయ్డ్ వంతెన డెక్ (బండ్లు నడిచే పలక) అడ్డుకోతను గీసి, కంప్యూటర్‌లో టూడీ మోడల్‌లో, గాలి గడబిడను లెక్కించే కె-ఎప్సిలాన్ పద్ధతితో దాని మీదికి గాలి వదిలారు. డ్రాగ్ గుణకం, అంటే గాలి డెక్‌ను వెనక్కి తోసే బలానికి కొలత, ఒక అంకె దగ్గర కదలకుండా నిలిచింది. ఆ అంకె చాలా, వంతెనలకు ఇక విండ్ టన్నెల్ (నమూనా మీద గాలి వదిలి పరీక్షించే సొరంగం) అక్కర్లేదని ఎంటెక్ థీసిస్‌లో రాయవచ్చా అని అడిగారు. అమెరికాలోని టకోమా వంతెన అనునాదం (రెసొనెన్స్) వల్ల కూలిందని మొదటి అధ్యాయంలో రాసినట్టు కూడా చెప్పారు. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం వంతెనల మీద గాలి లెక్కలతోనే గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. ఆ అంకె చాలదు, ఆ మాట రాయవద్దు. అంకె కదలకుండా నిలిచిందని మీరు సంతోషించారు. నాకు అనుమానం మొదలైంది అక్కడే.

గోదావరి మీద ఏ పాత వంతెన దగ్గరైనా ఆగి, స్తంభం వెనక నీళ్లను కాసేపు చూడండి. ఎడమ అంచు నుంచి ఒక సుడి, కుడి అంచు నుంచి ఒక సుడి, వంతులవారీగా విడిపోయి కొట్టుకుపోతుంటాయి. డెక్ వెనక గాలి చేసేదీ అదే. కాకపోతే అక్కడ సుడులు పై అంచు నుంచి, కింది అంచు నుంచి విడిపోతాయి. విడిపోయే ప్రతి సుడీ డెక్‌ను కాస్త పైకో కిందికో లాగుతుంది. అందువల్ల లిఫ్ట్ (పైకీ కిందికీ లాగే బలం) గ్రాఫ్ అలలాగా లేచి పడాలి, డ్రాగ్ గ్రాఫ్‌లో కూడా చిన్న కదలిక కనిపించాలి. మీ గీత తిన్నగా ఉందంటే కాలంతో మారని స్టెడీ సాల్వర్ అయినా వాడి ఉంటారు, లేదా కె-ఎప్సిలాన్ సుడులను పుట్టకముందే అణచివేసి అయినా ఉంటుంది. ఈ రెండోది ఆ పద్ధతికి పాత జబ్బు. గాలి ఎదురుగా వచ్చి డెక్ ముఖానికి తగిలే చోట అది లేని టర్బులెన్స్‌ను (గాలి గడబిడను) పుట్టిస్తుంది. దాంతో లెక్కలోని గాలి తేనెలా చిక్కబడుతుంది, ఆ చిక్కదనంలో సుడి తిరగదు. కె-ఒమేగా ఎస్‌ఎస్‌టీ అనే ఇంకో టర్బులెన్స్ పద్ధతికి మారండి, కాలంతో పాటు నడిచే సాల్వర్ పెట్టండి. ఒక సుడి పుట్టి విడిపోయే సమయాన్ని కనీసం వంద చిన్న కాలపు ముక్కలుగా కోయండి. కనీసం ముప్పై నలభై సుడులు పోయేవరకు నడిపి, మొదటి పదింటినీ వదిలేసి, మిగిలిన వాటికి సగటు తీయండి.

ఇప్పుడు టకోమా దగ్గరికి వస్తాను. మీ మొదటి ప్రశ్నకు కూడా జవాబు అందులోనే ఉంది.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ వంతెన 1940 జులై 1న తెరుచుకుంది, అదే ఏడాది నవంబర్ 7న కూలింది. మధ్య స్పాన్, అంటే రెండు స్తంభాల నడిమి దూరం, 853 మీటర్లు. వెడల్పు సుమారు 12 మీటర్లే. రెండు పక్కలా నిలువెత్తు గోడల్లాగా ఉన్న ప్లేట్ గర్డర్ల లోతు 2.4 మీటర్లు. అంటే స్పాన్‌లో 350వ వంతు. దాన్ని డిజైన్ చేసిన లియోన్ మోయిసీఫ్ ఆనాటి పేరుమోసిన ఇంజనీర్లలో ఒకరు. కూలిన తరువాత ఒథ్‌మార్ అమ్మాన్, థియోడార్ వాన్ కార్మాన్, గ్లెన్ వుడ్రఫ్ కలిసి విచారణ జరిపి 1941లో నివేదిక ఇచ్చారు. గాలితో సహా నిలకడైన బలాలన్నిటినీ తట్టుకునేలాగే దాన్ని సరిగ్గా డిజైన్ చేశారని, సరిగ్గానే కట్టారని అందులో తేల్చారు. ఈ ఒక్క సంగతిని మీ థీసిస్ మొదటి పేజీలో పెట్టుకోండి. ఇవాళ మీ చేతిలో ఉన్న డ్రాగ్ అంకె ఏ బలాన్ని ఇస్తుందో ఆ బలం లెక్క వాళ్ల దగ్గర ఉంది, తప్పు లేకుండానే ఉంది. వంతెన అయినా కూలింది.

అది కూలిన రోజు గాలి వేగం గంటకు 42 మైళ్లు, సెకనుకు దాదాపు 19 మీటర్లు. మన తీరానికి వచ్చే తుపానులతో పోలిస్తే అదేమీ పెద్ద గాలి కాదు. పొద్దున వంతెన నిమిషానికి 38 సార్ల చొప్పున పైకీ కిందికీ ఊగుతూ ఉంది. పది గంటల ప్రాంతంలో స్పాన్ మధ్యన కేబుల్‌ను పట్టి ఉంచే బిగింపు ఒక వైపు జారింది. ఆ వెంటనే ఊపు తీరు మారిపోయింది. డెక్ మెలి తిరగడం మొదలైంది, నిమిషానికి 14 సార్లు, తరువాత 12 సార్లు. గంటసేపు అలా మెలితిరిగి తిరిగి విరిగి నీళ్లలో పడింది.

ఇక్కడ మీరే ఒక చిన్న లెక్క చేయండి, ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. సుడులు విడిపోయే పౌనఃపున్యం, ఆకారాన్ని బట్టి ఉండే స్ట్రౌహల్ సంఖ్యను గాలి వేగంతో గుణించి డెక్ లోతుతో భాగిస్తే వస్తుంది. ఆ తరహా డెక్‌కు స్ట్రౌహల్ సంఖ్య సుమారు 0.12. గాలి వేగం 19, లోతు 2.4 పెడితే సెకనుకు ఒకసారికి కాస్త తక్కువ వస్తుంది, అంటే నిమిషానికి 55కు పైనే. వంతెన మెలితిరిగింది నిమిషానికి 12 సార్లు. ఈ రెండు అంకెలకూ పొంతన లేదు. సుడుల తాళం వేరు, వంతెన నాట్యం వేరు. బయటి నుంచి వచ్చే తోపుడు తాళం, వంతెన సొంత తాళం కలిస్తేనే అనునాదం అంటాం. ఇక్కడ అవి కలవలేదు. బిల్లా, స్కాన్లన్ ఇద్దరూ 1991లో భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాల పొరపాటును ఎత్తిచూపుతూ రాసిన వ్యాసంలో చెప్పిందీ ఇదే. అయినా ఆ పొరపాటు ఇంకా మన తరగతి గదుల్లో తిరుగుతూనే ఉండడం నాకు బాధగా ఉంటుంది.

జరిగింది ఫ్లట్టర్. డెక్ కొంచెం మెలితిరిగితే దాని చుట్టూ గాలి దారి మారుతుంది. మారిన గాలి డెక్‌ను మరికొంచెం మెలితిప్పేలా నెడుతుంది. అంటే వంతెన కదలికే తనను నెట్టే బలాన్ని పుట్టించుకుంటుంది. మామూలుగా ఉక్కులోని డ్యాంపింగ్ ఊపును తగ్గిస్తూ ఉండాలి. ఒక వేగం దాటాక గాలి ఇచ్చే శక్తి ఆ డ్యాంపింగ్ మింగే శక్తిని మించిపోతుంది. అప్పుడు మొత్తం డ్యాంపింగ్ రుణాత్మకం అవుతుంది, ప్రతి ఊపూ ముందరి ఊపు కంటే పెద్దదవుతుంది. కదలకుండా నిలబెట్టిన డెక్ మీద గాలి వదిలితే ఈ సంగతి ఎన్నటికీ బయటపడదు. మీ మోడల్‌లో డెక్ కదలడం లేదు కదా?

దీనికి కంప్యూటర్‌లో చేయవలసిన పని ఉంది, ఎంటెక్ స్థాయిలో చేయగలిగినదే. స్కాన్లన్, టామ్కో 1971లో ఫ్లట్టర్ డెరివేటివ్స్ అనే గుణకాలను ప్రతిపాదించారు. నిలువు కదలికకూ మెలికకూ కలిపి ఇవాళ ఎనిమిది వాడతారు. మీ డెక్‌ను మోడల్‌లో ఒకసారి పైకీ కిందికీ, ఇంకోసారి ఒకటి రెండు డిగ్రీల మేర మెలితిప్పుతూ, మీరు నిర్ణయించిన తాళంలో ఊపండి. లిఫ్ట్‌నూ తిప్పుడు బలాన్నీ రికార్డు చేయండి. ఆ బలంలో కదలికతో కలిసి నడిచే భాగం ఎంత, పావు చుట్టు తేడాతో నడిచే భాగం ఎంత అని విడదీయండి. రెండో భాగమే డ్యాంపింగ్‌ను కలిపేదీ, తీసేసేదీ. మెలికకు సంబంధించిన ఎ2 గుణకం రుణం నుంచి ధనంలోకి మారిన చోట గుర్తు పెట్టుకోండి. టకోమా లాంటి డెక్‌కు అది గాలి వేగం పెరిగే కొద్దీ ధనంలోకి వెళ్లిపోతుంది. నున్నటి బాక్స్ డెక్‌కు చాలా దూరం రుణంలోనే ఉంటుంది. గాలి వేగాలు మారుస్తూ ఈ పని పది పన్నెండు సార్లు చేయాలి. టూడీలో అయితే మంచి కంప్యూటర్ మీద సాధ్యమే.

అయితే మీ డెక్‌తో మొదలుపెట్టవద్దు. ముందు ఒక పలుచని పలకతో చేయండి. పలుచని పలకకు థియోడార్సన్ 1935లోనే కాగితం మీద కచ్చితమైన జవాబు రాసిపెట్టాడు. మీ ఎనిమిది గీతలు ఆ జవాబు మీద పడకపోతే, మీ డెక్ మీద వచ్చే గీతలకు అర్థం లేదు.

ఇక సుడుల వల్ల వచ్చే ఊపు. టకోమాకు అది కారణం కాదన్నాను కానీ, ఇవాళ కట్టే వంతెనల్లో ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది అదే. ఉదాహరణకు డెక్ లోతు 3 మీటర్లు, నిలువు ఊపు పౌనఃపున్యం సెకనుకు 0.3, స్ట్రౌహల్ సంఖ్య 0.12 అనుకోండి. రెండు తాళాలూ కలిసే గాలి వేగం సెకనుకు 7.5 మీటర్లు, గంటకు 27 కిలోమీటర్లు. నైరుతి రుతుపవనాల కాలంలో ఏ సాయంత్రమైనా వీచే గాలి అది. వంతెన కూలదు. కానీ ఊగుతుంది, కారులో వెళ్లేవాళ్ల గుండెలు జారతాయి, వెల్డింగులు అలసిపోతాయి.

డెన్మార్క్‌లోని గ్రేట్ బెల్ట్ ఈస్ట్ వంతెన స్పాన్ 1624 మీటర్లు. 1998లో తెరిచారు. దాని బాక్స్ డెక్ చూడడానికి విమానం రెక్కలా ఉంటుంది. అయినా ప్రారంభానికి ముందు, చివరి దశ పనులు జరుగుతున్నప్పుడే మామూలు గాలికి డెక్ పైకీ కిందికీ ఊగింది. కింది మూలల వద్ద గాలిని మళ్లించే గైడ్ వేన్లు (వంపు రేకులు) బిగించాక ఆగింది. చైనాలోని హూమెన్ వంతెన కథ నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. 888 మీటర్ల స్పాన్, 1997లో తెరిచారు. ఇరవై ఏళ్లకు పైగా పేచీ లేకుండా నడిచిన ఆ వంతెన 2020 మే 5న సాగే తాడులా అలలు అలలుగా ఊగింది. మరమ్మతుల కోసం రెండు అంచుల వెంబడీ నీళ్లు నింపిన ప్లాస్టిక్ బ్యారియర్లు పేర్చారు. ఆ వరసలు డెక్ ఆకారాన్ని మార్చేశాయి. గాలి దృష్టిలో అది నిన్నటి వంతెన కాదు, కొత్త వంతెన.

ఇందుకే మీ మోడల్ బొమ్మ చూడగానే నా కన్ను ముందు రెయిలింగ్ కోసం వెతికింది. లేదు. క్రాష్ బ్యారియర్ లేదు. అడుగున తనిఖీ బండి నడిచే పట్టాలు లేవు. ఉత్త డెక్ మాత్రమే ఉంది.

ఇలాంటిది నా దగ్గరే ఒకసారి జరిగింది. ఒక నది వంతెన పనిలో మా జట్టులోని యువ ఇంజనీర్ నెల రోజులు కష్టపడి లెక్క తెచ్చాడు. స్క్రీన్ మీద గాలి డెక్‌ను ఒరుసుకుంటూ హాయిగా వెళ్లిపోతోంది, లిఫ్ట్ అల చాలా చిన్నది. రెయిలింగ్ ఏదని అడిగాను. పెట్టాను సార్ అన్నాడు. మౌస్‌తో అంచు దగ్గరికి దగ్గరగా, ఇంకా దగ్గరగా తీసుకెళ్లమన్నాను. రెయిలింగ్ గొట్టం 50 మిల్లీమీటర్ల మందం, దాని చుట్టూ మెష్ (లెక్క కోసం గాలిని ముక్కలు చేసే గళ్ల వల) గడి 200 మిల్లీమీటర్లు. గొట్టం మందం ఒక్క గడిలో పావు వంతే. జామెట్రీ ఫైలులో ఉన్న రెయిలింగ్ గాలి లెక్కలో లేనే లేదు. గడిని గొట్టం మందంలో పదో వంతుకు తగ్గించి, బ్యారియర్‌ను అసలు ఆకారంతో గీసి, తనిఖీ పట్టాలు చేర్చి మళ్లీ నడిపించాం. బ్యారియర్ వెనక పెద్ద సుడి ఒకటి కూర్చుంది, లిఫ్ట్ అల లేచింది. తప్పు అతనిది మాత్రమే కాదు. రెండు వారాల ముందే ఆ మెష్‌ను తెరిచి చూడవలసినవాణ్ని నేను.

టూడీలో రెయిలింగ్ పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. అడ్డంగా పోయే గొట్టాలు టూడీలో సరిగ్గానే వస్తాయి. నిలువు స్తంభాలు రావు. వాటిని అలాగే గీస్తే వంతెన పొడవునా గోడ కట్టినట్టవుతుంది. స్తంభాలు మూసే వైశాల్యాన్ని పంచి, గొట్టాల మందాన్ని ఆ మేరకు పెంచడం వాడుకలో ఉన్న పద్ధతి. థీసిస్‌లో ఆ సంగతి దాచకుండా రాయండి.

డెక్ మీదికి గాలి వచ్చే కోణం కూడా సున్నా ఒక్కటే పెట్టారు. కనీసం మైనస్ 3 డిగ్రీల నుంచి ప్లస్ 3 డిగ్రీల వరకు ఒక్కో డిగ్రీ చొప్పున నడపండి. కోణంతో లిఫ్ట్, మొమెంట్ (తిప్పుడు బలం) ఏ వాలుతో మారుతున్నాయన్నది తరువాతి లెక్కలన్నిటికీ కావాలి. గాలి లోపలికి వచ్చే గడప డెక్‌కు మరీ దగ్గరగా ఉన్నట్టుంది. పైనా కిందా కూడా ఖాళీ చాలదు. డెక్ లోతు మొత్తం ఎత్తులో 5 శాతం దాటితే గాలి ఇరుకున పడి వేగం పుంజుకుంటుంది, డ్రాగ్ అబద్ధంగా పెరుగుతుంది.

మీ గాలి వేగం విషయంలో ఇంకో పొరపాటు ఉంది, ఇది చాలామంది చేసేదే. గాలి బలాలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు అని ఉంటుంది. మీరు 44ను నేరుగా గాలి ప్రవేశించే చోట పెట్టారు. ఆ అంకె పది మీటర్ల ఎత్తున మూడు సెకన్ల పాటు తోసే విసురు వేగం. సుడుల ఊపునూ ఫ్లట్టర్‌నూ చూడవలసింది పది నిమిషాల సగటు వేగంతో. బయలు ప్రదేశంలో విసురు వేగం సగటు కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంటుంది. డెక్ ఉన్న ఎత్తుకు కూడా సవరించాలి. రోడ్డు వంతెనల మీద భారాల ప్రమాణం ఐఆర్‌సీ 6లోని గాలి నిబంధన 150 మీటర్లలోపు స్పాన్లున్న మామూలు వంతెనలకే. కేబుల్ వంతెనలకు ప్రత్యేక అధ్యయనం కావాలని అదే చెబుతుంది. హైదరాబాద్ దుర్గం చెరువు వంతెన మధ్య స్పాన్ సుమారు 234 మీటర్లు కాబట్టి, అలాంటిది తీసుకున్నా మీరు ఆ నిబంధన బయటే ఉన్నారు. అయితే కాంక్రీటు డెక్ బరువు ఫ్లట్టర్‌కు పెద్ద రక్ష. తేలికైన ఉక్కు డెక్ అయితే లెక్క కఠినమవుతుంది.

విసురు గాలికి వంతెన ఎలా వణుకుతుందన్న బఫెటింగ్ లెక్కను గాలి సాఫ్ట్‌వేర్‌తో మొత్తంగా చేయాలని చూడవద్దు. కిలోమీటరు పొడవు వంతెనను, దాని మీదికి వచ్చే గాలి గడబిడను ఒకే మోడల్‌లో పట్టడానికి మీ కాలేజీ కంప్యూటర్లు చాలవు. డెక్ గుణకాలు ఇక్కడి నుంచి తీసుకోండి, వంతెన మోడ్‌లను (అది సహజంగా ఊగే తీరులను) మిడాస్ లాంటి నిర్మాణ సాఫ్ట్‌వేర్‌లో తీసుకోండి, డావెన్‌పోర్ట్ చూపిన దారిలో స్పెక్ట్రమ్ పద్ధతితో కలపండి. వానలో కేబుళ్లు ఊగే సమస్యను ఈ థీసిస్‌లోకి తేవద్దు. కేబుల్ మీద జారే సన్నని నీటి ధారను కూడా లెక్కలో పట్టాలి, అది విడిగా ఒక పీహెచ్‌డీ పని.

విండ్ టన్నెల్ సంగతి. దానికీ లోపాలున్నాయి. జపాన్‌లోని అకాషి కైక్యో వంతెనకు నూరో వంతు నమూనా కట్టి పరీక్షించారు, ఆ నమూనాయే దాదాపు 40 మీటర్ల పొడవు. ఆ కొలతలో మన 50 మిల్లీమీటర్ల గొట్టం అర మిల్లీమీటరు తీగ అవుతుంది. గాలి జడత్వానికీ జిగటకూ ఉన్న నిష్పత్తిని చెప్పే రెనాల్డ్స్ సంఖ్య అసలు వంతెన కంటే వందల రెట్లు తక్కువగా ఉంటుంది. కంప్యూటర్ బలం ఇంకోచోట ఉంది. ఆకారం ఇంకా ఖాయం కాని తొలి నెలల్లో పది ఆకారాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. డెన్మార్క్‌లో అలాన్ లార్సెన్, సహచరులు 1990లలోనే సుడులను బిందువులుగా పంపే పద్ధతితో ఈ పని చేశారు. సగం కట్టిన వంతెన మీద, మరమ్మతు బ్యారియర్లు పెట్టిన వంతెన మీద ఏమవుతుందో మూడు రోజుల్లో చూడవచ్చు. హూమెన్‌లో ఆ బ్యారియర్లు పేర్చే ముందు ఈ చిన్న లెక్క చేసి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు. అంతమాత్రాన వెయ్యి మీటర్ల వంతెనకు ఆఖరి భరోసా కంప్యూటర్ ఒక్కటే ఇచ్చే రోజు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పడానికి ఒక మంచి ఆధారం ఉంది. వెడల్పు లోతుకు ఐదు రెట్లున్న సాదా దీర్ఘచతురస్రాన్ని పెట్టుకుని, బార్క్ అనే పేరుతో 2008 నుంచి పలు దేశాల బృందాలు ఒకే లెక్కను వేర్వేరుగా చేస్తున్నాయి. రెయిలింగ్ లేదు, వంపు లేదు, అంత తేలిక ఆకారం. డ్రాగ్ విషయంలో అందరి జవాబులూ దగ్గరదగ్గరగా వచ్చాయి. లిఫ్ట్ ఊగిసలాట విషయంలో చెల్లాచెదురయ్యాయి. డ్రాగ్ కుదిరింది కాబట్టి లెక్క సరిగ్గా ఉందనుకోవడం ఎందుకు ప్రమాదమో ఇది చూపిస్తుంది. త్రీడీలో ఎల్‌ఈఎస్ (పెద్ద సుడులను నేరుగా లెక్కించే పద్ధతి) చేయాలని ఉంటే, వంతెన పొడవు దిశలో కనీసం డెక్ వెడల్పంత మందం తీసుకోండి. టూడీలో ఎల్‌ఈఎస్ మాత్రం చేయవద్దు. టర్బులెన్స్ మూడు దిశల్లోనూ చీలి చిన్నదవుతుంది, ఆ దారి మూసేస్తే సుడులు లేని బలంతో కొడతాయి.

మీ థీసిస్ శీర్షికను "విండ్ టన్నెల్‌కు ప్రత్యామ్నాయం" నుంచి "డెక్ అంచు వివరాల ప్రభావం" వైపు తిప్పండి. రెయిలింగ్ లేకుండా, రెయిలింగ్‌తో, మరమ్మతు బ్యారియర్‌తో, మూడు లెక్కలు పక్కపక్కన. నాకు తెలిసి మీ కాలేజీ వనరులతో నిజాయితీగా పూర్తిచేయగలిగింది అదే. మీ గైడ్‌గారికి ఈ మాట చెప్పి చూడండి.

ఈ వారం మాత్రం డెక్‌ను పక్కన పెట్టి, ఒక చదరపు కడ్డీ మీద గాలి వదలండి, రెనాల్డ్స్ సంఖ్య 22,000 దగ్గర. డ్రాగ్ 2.1 దరిదాపుల్లో, స్ట్రౌహల్ సంఖ్య 0.13 దరిదాపుల్లో రావాలి. ఆ రెండు అంకెలతో పాటు లిఫ్ట్ గ్రాఫ్‌నూ, కడ్డీ మూల దగ్గర మెష్‌ను బాగా దగ్గరగా తీసిన బొమ్మనూ ఇక్కడ పెట్టండి. అవి చూసి డెక్ అంచు దగ్గర గడి ఎంత ఉండాలో చెబుతాను.